రెండొందల కేలరీలే వచ్చాయి మేడం!

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది బరువు తగ్గాలని వస్తారు. మిగతావాళ్ళని డాక్టర్లు నడవమని పంపిస్తారు. ఎవరైతేనేం, ఈమధ్య అందరి చేతికీ వాచీ ఉంటోంది. అమెరికా నుంచి వచ్చినప్పుడు కొడుకో కూతురో తెచ్చి పెట్టింది, లేకపోతే దసరా ఆఫర్లో రెండు వేలకి కొన్నది. గంట నడిచి రాగానే మొహాన చెమటైనా తుడుచుకోకుండా మణికట్టు తిప్పి చూసుకుంటారు. "మేడం, ఇవాళ రెండొందల కేలరీలే వచ్చాయి. మొదట్లో మూడొందల దాకా వచ్చేవి. నా ఒంటికి ఇక నడక పని చెయ్యట్లేదంటారా?" అని దిగులుగా అడుగుతారు. విజయవాడలో వ్యాయామ శిక్షకురాలిగా నేను ఎక్కువసార్లు జవాబు చెప్పిన ప్రశ్న ఏదంటే ఇదే. పని చేస్తోంది కాబట్టే అంకె తగ్గిందమ్మా అంటే ఎవరూ నమ్మరు. ఓదార్పుకి చెబుతున్నాననుకుంటారు.

నేను కుర్రతనంలో 800 మీటర్ల పరుగు పరిగెత్తినదాన్ని. మా మాస్టారి మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ తప్ప వేరే పరికరం ఉండేది కాదు. రౌండు పూర్తయ్యేసరికి "నాడి పట్టండర్రా" అని కేకేసేవారు. చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి, పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చవేయాలి. బొటనవేలితో పట్టామా, తిట్లు తినాల్సిందే. దానికి సొంత నాడి కొట్టుకుంటుంది, లెక్క కలగాపులగమైపోతుంది. ఒక్క నిమిషం నిలబెట్టి మళ్ళీ పట్టమనేవారు. మొదటి అంకె ఎంతైనా ఆయన పట్టించుకునేవారు కాదు, రెండోదే పుస్తకంలో రాసుకునేవారు. ఎందుకో అప్పుడు తెలియలేదు, బీపీఈడీ చదివేటప్పుడు తెలిసింది.

వేళ్ళతో చేసే ఆ పనినే పరికరం చేతికి అప్పగించింది ఫిన్లాండు వాళ్ళు. మంచు మీద కొయ్యబద్దలు కట్టుకుని మైళ్ళకి మైళ్ళు జారే క్రీడాకారులు మధ్యలో ఆగి నాడి పట్టుకోలేరు కదా. వాళ్ళని చూసి సెప్పో సాయ్‌నాయాకంగాస్ అనే ఆచార్యుడు 1977లో పోలార్ కంపెనీ పెట్టాడు. ఛాతీకి కట్టుకునే పట్టీ నుంచి తీగ లేకుండా చేతి వాచీకి గుండె వేగాన్ని పంపే పరికరం ఆ కంపెనీ నుంచి 1982లో వచ్చింది. విశ్రాంతిలో ఉన్నప్పటి నాడిని కూడా లెక్కలో చేర్చి ఎంత వేగంతో వ్యాయామం చెయ్యాలో చెప్పే పద్ధతికి పేరిచ్చిన మార్టీ కార్వొనెన్‌ది కూడా ఆ దేశమే.

ఛాతీ పట్టీ గుండెలో పుట్టే విద్యుత్తునే పట్టుకుంటుంది. ఈసీజీకి దూరపు చుట్టం. చేతి వాచీది వేరే దారి. అడుగున ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయి. నెత్తురు ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి నెత్తురు పొంగి, తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలల్ని లెక్కపెడుతుందన్నమాట. కూర్చున్న మనిషి చేతి మీద ఈ పని బాగానే చేస్తుంది. చెయ్యి ఊపుతూ నడిచే మనిషి దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది.

మా బ్యాచీలో ఆడవాళ్ళే ఎక్కువ. ఎడమ చేతికి రెండు బంగారు గాజులు, వాటి మధ్య మట్టి గాజులు, వాటికి దిగువన వాచీ. పట్టీ ఒరుసుకుంటుందని ఒక రంధ్రం వదులుగా పెడతారు. చెయ్యి ఊగినప్పుడల్లా గాజులు జారి వాచీని మణికట్టు ఎముక మీదికి నెడతాయి. ఎముక మీద వాచీ సమంగా కూర్చోదు. సందులోంచి వెలుతురు దూరుతుంది. అప్పుడది నాడిని వదిలేసి చేతి ఊపుని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. నిమిషానికి 120 అడుగులు వేస్తుంటే గుండె కూడా 120 కొట్టుకుంటోందని చూపిస్తుంది. పరిగెత్తే కుర్రాళ్ళకైతే 165, 170 చూపించి హడలగొడుతుంది. అడుగుల లెక్క, గుండె లెక్క ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పోతుంటే నాకు అనుమానం వస్తుంది. ఆపి వేళ్ళతో పట్టి చూస్తాను.

"గాజులు తియ్యమంటావా ఏంటమ్మాయ్?" అని ఓ పెద్దావిడ ముందే కోప్పడ్డారు. "తియ్యొద్దు పిన్నిగారూ, వాచీనే గాజుల పైకి, మోచేతి వైపు జరపండి" అన్నాను. ఎముకకి రెండు వేళ్ళు పైన, చర్మానికి అంటుకునేలా, అయితే అచ్చు పడేంత బిగుతు లేకుండా కట్టాలి. నడక అయ్యాక మళ్ళీ వదులు చేసుకోవచ్చు. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే మాత్రం రెండో చేతికి మార్చాల్సిందే, సిరా కూడా వెలుతురుని మింగుతుంది.

ఛాతీ పట్టీ వీటన్నిటికంటే నమ్మకమైనది. కానీ చుడీదారు లోపల కట్టుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. కట్టుకున్నా, ఒంటికి ఆనే భాగాన్ని నీళ్ళతో తడపడం మర్చిపోతారు. పొడిగా కడితే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు చూపిస్తుంది. నైలాను చొక్కా గాలికి రెపరెపలాడినా అంతే. వాడాక మంచినీళ్ళలో కడిగి ఆరేయాలి, లేకపోతే చెమటలో ఉప్పు దాన్ని తినేస్తుంది. పోటీలకి పరిగెత్తేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి దాన్ని నేను కొనిపించను.

నాడి సంగతి ఇలా దారిలో పెట్టొచ్చు. కేలరీల సంగతే దారికి రాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేతికి కట్టుకునే పరికరాలు ఏడింటిని 60 మంది మీద పరీక్షించారు. ఏడింట్లో ఆరు గుండె వేగాన్ని అయిదు శాతం లోపు తేడాతో చెప్పాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. ఆ మోడళ్ళు ఇప్పుడు పాతబడ్డాయి, నిజమే. కొత్తవాటిలో దీపాలు మెరుగయ్యాయి. కేలరీలని మాత్రం అవి కూడా ఊహించాల్సిందే, ఎందుకంటే వాచీ కేలరీని చూడలేదు.

మనిషి ఎంత శక్తి ఖర్చు చేశాడో తెలియాలంటే ముక్కూ నోరూ మూసేలా మాస్కు తొడిగి, పీల్చిన ఆక్సిజన్‌ ఎంతో కొలవాలి. లీటరు ఆక్సిజన్ ఖర్చయితే సుమారు అయిదు కేలరీలు ఖర్చయినట్టు. వాచీకి ఆ దారి లేదు. గుండె వేగం, వయసు, బరువు, ఆడా మగా, ఇవి పెట్టుకుని ఒక సూత్రంలో వేస్తుంది. కంపెనీలు ఎవరి సూత్రం వాళ్ళు గుట్టుగా ఉంచుకుంటాయి గానీ, బయట అందరికీ దొరికే సూత్రం ఒకటుంది. 2005లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ప్రచురించారు. దాని ప్రకారం ఆడవాళ్ళకి నాడి నిమిషానికి పది పెరిగితే ఖర్చు నిమిషానికి ఒక కేలరీ పైచిలుకు పెరుగుతుంది. గంటకి అరవై పైమాటే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే వాచీ చేసే చిత్రాలు చాలావరకు అర్థమైపోతాయి.

మే నెల తీసుకోండి. బెజవాడ ఎండ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున అయిదున్నరకే గ్రౌండులో ఉక్కపోత మొదలవుతుంది. జనవరిలో నడిచిన గ్రౌండే, అదే వేగం, అన్నే చుట్లు. నాడి మాత్రం పదో పదిహేనో ఎక్కువుంటుంది. ఒంటిని చల్లబరచడానికి నెత్తురు చర్మం వైపు మళ్ళుతుంది, చెమటకి నీరు పోతుంది, ఉన్న నెత్తురుతోనే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని సర్దుకోవాలి. కాళ్ళు ఒక్క అడుగూ ఎక్కువ వెయ్యలేదు. వాచీ మాత్రం అరవయ్యో తొంభయ్యో కలిపేస్తుంది. "ఎండల్లో నడిస్తే ఎక్కువ కరుగుతుందట కదా మేడం" అని ఏడు దాటాక బయల్దేరేవాళ్ళున్నారు. వాళ్ళని వెనక్కి పంపించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగి రేపు అయిదింటికి రమ్మంటాను. వేసవిలో వాచీలో పెరిగిన కేలరీలు చూసి సంతోషించడం కంటే భయపడటం మంచిది.

వంటింట్లో కూడా ఇదే తంతు. శ్రావణ శుక్రవారం నాడు పొద్దున్నించీ ఏమీ తినకుండా, ఫ్యాను కట్టేసుకుని, రెండు పొయ్యిల ముందు నిలబడి పులిహోర, పూర్ణాలు చేసే ఇల్లాలి నాడి 110కి పోవడం నేను కళ్ళారా చూశాను. అది కూడా వ్యాయామం కింద రాసుకోవచ్చా అని ఆవిడ అడిగారు. వ్యాయామం కాదు గానీ చాకిరీ అని రాసుకోవచ్చు.

బరువులెత్తేటప్పుడు ఇంకోరకం చిక్కు. బిగబట్టి ఎత్తినప్పుడు నాడి లేస్తుంది, దానికి తగ్గట్టుగా ఆక్సిజన్ ఖర్చు కాదు. పైగా గుప్పిట బిగిస్తే మణికట్టులో నరాలు తేలి దీపాలకి నాడి సరిగ్గా అందదు. జిమ్ముల్లో ట్రెడ్‌మిల్ మీద కనపడే కేలరీల గురించి చెప్పనే అక్కర్లేదు. బరువు ఎంతో చెప్పకుండా ఎక్కితే తనకు తోచిన మనిషిని ఊహించుకుంటుంది. కడ్డీ పట్టుకుని వేలాడుతూ నడిచినా పట్టుకోకుండా నడిచినా ఒకే అంకె.

సరే, మూడొందలు రెండొందలైన కథకి వద్దాం. అలా దిగులుపడిన ఒకావిడ మొదట్లో వచ్చినప్పుడు గ్రౌండు చుట్టూ నడిస్తే నాడి 135 ఉండేది. ఆరు నెలలు మానకుండా నడిస్తే అదే వేగానికి 112కి దిగింది. గుండె ఒక్కో కొట్టుడుకి తోసే నెత్తురు పెరిగింది, కాబట్టి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతోంది. కండరాలు అడిగే ఆక్సిజన్ దాదాపు అంతే. కానీ సూత్రానికి కండరాలు కనపడవు, నాడి ఒక్కటే కనపడుతుంది. నాడి తగ్గింది కాబట్టి పని తగ్గిందని కొట్టేస్తుంది. పాతికేళ్ళుగా చేస్తున్న పనిని నేర్పుగా అరగంటలో ముగించిన గుమాస్తాకి జీతం కోసేసినట్టుంటుంది ఇది. బరువు తగ్గినందుకు నిజంగా తగ్గే కేలరీలూ కొన్ని ఉంటాయి. 80 కిలోల మనిషి 72కి వస్తే మోసుకు తిరగాల్సిన భారం పదో వంతు తగ్గింది కదా. రెండూ కలిసి వాచీలో అంకె పడిపోతుంది. అది పడిపోయిన రోజు నేనైతే స్వీట్లు పంచుతాను. పంచడం అంటే మాటవరసకే లెండి.

ఇంకో కిటుకు ఉంది. వాచీ చూపించే మొత్తంలో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది కూడా కలిసి ఉండవచ్చు. కూర్చున్న మనిషికి గంటకి కిలో బరువుకి సుమారు ఒక కేలరీ ఖర్చు. గంటకి అయిదు కిలోమీటర్ల వేగంతో నడిస్తే దానికి మూడింతల పైచిలుకు. 70 కిలోల మనిషి గంట నడిస్తే దగ్గరదగ్గర 230, అందులో 70 సోఫాలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక సంపాదించింది 160. గ్రాము నూనెకి తొమ్మిది కేలరీలు కాబట్టి ఇది పద్దెనిమిది గ్రాముల నూనెకి సమానం. నడక ముగిశాక అందరూ కలిసి వెళ్ళే టిఫిన్ బండి దగ్గర ప్లేటు మైసూర్ బజ్జీ పీల్చే నూనెకి ఇది చాలదు. నేనేమీ బజ్జీలు తినొద్దనను. వాచీలో సంపాదించిన కేలరీలు అక్కడ ఖర్చుపెడుతున్నామనే లెక్క మాత్రం వద్దంటాను, ఆ లెక్క ఎప్పుడూ బండివాడికే లాభం.

మా దగ్గరికి రిటైరైన లెక్కల మాస్టారొకరు వచ్చేవారు. ఎక్కడో చదువుకుని వచ్చి, "220లోంచి నా వయసు 62 తీసేస్తే 158. అందులో 70 శాతం 111. నేనెంత నడిచినా 95 దాటడం లేదమ్మా. ఇంకా వేగం పెంచాలా?" అన్నారు. అప్పటికే ఆయన ఆయాసపడుతున్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఏ మందులు వాడుతున్నారని అడిగాను. చొక్కా జేబులోంచి బీపీ బిళ్ళల అట్ట తీశారు. మెటోప్రొలాల్. గుండె వేగాన్ని అణిచిపెట్టడమే దాని పని. అది వేసుకున్న మనిషి 111 అందుకోవాలని పరిగెత్తడమంటే బ్రేకు మీద కాలుంచి ఎక్సలేటరు తొక్కడం. మందు వాడేవాళ్ళకి ఎంత వేగం తగునో డాక్టరే చెప్పాలి, ఆయన్ని ముందు అక్కడికి పంపాను.

అసలు 220 లెక్క అందరికీ పనికొచ్చేది కూడా కాదు. 1971లో ఫాక్స్, హస్కెల్ అనే ఇద్దరు అప్పటికి దొరికిన అధ్యయనాల అంకెల మధ్యగా వేసిన గీత అది. 2001లో తనాకా బృందం సవరించి, వయసుని 0.7తో హెచ్చవేసి 208లోంచి తీసెయ్యమంది. అరవయ్యేళ్ళవాళ్ళకి పాతదాని ప్రకారం 160, కొత్తదాని ప్రకారం 166. ఏది వాడినా మనిషికీ మనిషికీ పదీ పన్నెండూ అటూ ఇటూ మామూలే. చాలా వాచీల్లో "ఫ్యాట్ బర్న్ జోన్" అని రంగురంగుల్లో గీసేది ఇలాంటి గీతల మీదే.

మాస్టారికి నేను పెట్టిన పద్ధతి వేరు. నడుస్తూ పదిహేడో ఎక్కం అప్పజెప్పాలి. ఆగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయింది. "పదిహేడు ఆర్ల..." దగ్గర ఊపిరి అందక ఆగారా, తగ్గించాలి. ఎక్కం చెబుతూ మధ్యలో పద్యం ఎత్తుకోగలిగితే కాస్త పెంచొచ్చు. నవ్వుతాలుగా కనపడుతుంది గానీ, మాట పరీక్ష అని ప్రపంచమంతా వాడేదే. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ దీనికి దగ్గర బంధువులాంటి కొలబద్ద తయారుచేశాడు. 6 నుంచి 20 దాకా అంకెలు, ఎంత కష్టంగా ఉందో మనమే చెప్పాలి, పదితో హెచ్చవేస్తే ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ నాడికి దగ్గరగా వస్తుంది. బిళ్ళలు వేసుకునేవాళ్ళకి ఆ హెచ్చవేత కుదరదు, కష్టం చెప్పే అంకె మాత్రం పనికొస్తుంది. మాస్టారు మిగతావాళ్ళకి కూడా ఎక్కాలు నేర్పడం మొదలుపెట్టారు. కొందరు బ్యాచి మారిపోయారు.

ఇంతకీ మా పరుగు మాస్టారు రెండో అంకె ఎందుకు రాసుకునేవారంటారా? పని ఆపాక గుండె ఎంత తొందరగా సర్దుకుంటుందన్నది దాని సత్తాకి మంచి గుర్తు. 1999లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్న రెండు వేల పైచిలుకు మందిని గమనించి రాశారు. పరీక్ష ఆపిన మొదటి నిమిషంలో నాడి 12 లేదా అంతకంటే తక్కువే దిగినవాళ్ళకి తరవాతి ఏళ్ళలో ముప్పు ఎక్కువుందని తేలింది. గ్రౌండులో నడక ఆస్పత్రి పరీక్ష కాదు, ఆ 12ని ఇక్కడ పట్టుకుని బెంబేలెత్తకూడదు. కానీ ఒకే మనిషిని నెలల తరబడి చూస్తే ఇది చెప్పినంత నిజం వాచీలో ఇంకేదీ చెప్పదు. అందుకే నా పుస్తకంలో కేలరీలకి గడే లేదు. పేరు, "ఆపినప్పుడు", "నిమిషం తరవాత", ఇంతే. మూడొందలు రెండొందలైన ఆవిడకి మొదట 135, 121 అని ఉంటుంది. ఆరు నెలల తరవాత 112, 88. ఆ రెండు వరసలు పక్కపక్కన చూపించాకే నా మాట నమ్మారు. దిగాల్సిన నాడి దిగకపోయినా, లయ తప్పుతున్నట్టు వేళ్ళకి తగిలినా నేను వైద్యం చెయ్యను. కాగితం మీద అంకెలు రాసిచ్చి ఈసీజీ తీయించుకోమంటాను.

ఏ వాచీ కొనాలని అడిగేవాళ్ళకి ఖరీదు గురించి చెప్పను. సన్న మణికట్టుకి పెద్ద డయలు కూర్చోదు కాబట్టి దుకాణంలోనే కట్టుకుని, చెయ్యి గట్టిగా ఊపి, జారకపోతేనే కొనమంటాను. రెండు వేళ్ళు పెట్టి లెక్కపెట్టి వాచీతో సరిచూసుకోవడం కూడా అక్కడే నేర్పుతాను.

మొక్కులున్నవాళ్ళు తిరుపతి ప్రయాణానికి ముందు ప్రత్యేకంగా వస్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి, ఉత్సాహంలో అందరూ అక్కడే పరిగెడతారు. మధ్యలో చదునుగా ఉండి ఊరిస్తుంది. చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర అసలు పరీక్ష. ముందు కొన్ని వారాలు ఇంద్రకీలాద్రి మెట్ల మీద ఎక్కించి దింపిస్తాను. మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్ళ పక్కన నిదానంగా ఎక్కడం దానంతటదే అలవాటవుతుంది. కొండ మీద వాచీని ఒక్కదానికే వాడమంటాను. మండపంలో కూర్చున్నాక అంకె దిగేదాకా లేవొద్దు.

కిందటేడు అత్తాకోడళ్ళిద్దరూ కలిసి ఎక్కారు. కోడలు తన సరదాకి ముందు పరిగెత్తి, ఆగి, మళ్ళీ పరిగెత్తి, దాదాపు 170 తెచ్చుకుంది. అత్తగారు చెప్పినట్టే మండపం మండపానికీ కూర్చుంటూ 125 దాటనివ్వకుండా ఎక్కారు. లడ్డూ ప్రసాదం ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్నారు. "దానికి తొమ్మిదొందలొచ్చాయమ్మా, నాకు ఆరొందలే. ఇద్దరం అవే మెట్లెక్కాం కదా!" అన్నారు. "కొండ ఎక్కడానికి పట్టే శక్తి ముఖ్యంగా ఎంత ఎత్తు, ఎంత బరువు అన్నదాన్ని బట్టండీ, గుండె ఎంత దడదడలాడిందన్నదాన్ని బట్టి కాదు. ఎత్తు ఇద్దరికీ ఒకటే. బరువు మీదే పదిహేను కిలోలు ఎక్కువ. నిజంగా ఎక్కువ ఖర్చు పెట్టింది మీరే అయ్యుంటారు" అన్నాను.

ఆవిడ లడ్డూ పొట్లం నా చేతిలో పెట్టి, గేటు దగ్గర స్కూటీ మీద కూర్చున్న కోడల్ని కేకేశారు. ఆ మాట దాని ముందు ఇంకోసారి చెప్పమన్నారు.